41 మంది బయటికొచ్చారు, 8 మంది రాలేదు. మరి దేవుడి రక్ష అంటే ఏంటి?

"దేవుడు మనల్ని కాపాడతాడు" అని మన వీడియోల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. ఆ మాట చెప్పిన ప్రతిసారీ నా మనసులో మెదిలే ఒక ప్రశ్న ఉంది. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం. కొంచెం బరువైన విషయం, ఓపిగ్గా చదవండి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లినవాళ్లకి దోమలపెంట తెలిసే ఉంటుంది. మన్ననూరు దాటి నల్లమల మలుపులు తిరుగుతూ వెళ్తే, ఇంకాసేపట్లో డ్యామ్ వస్తుందనగా తగిలే ఊరు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. ఎస్‌ఎల్‌బీసీ సొరంగం అక్కడే మొదలవుతుంది. కృష్ణా నీళ్లని నల్గొండ వైపు తీసుకెళ్లడానికి దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన పని ఇది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన మనుషులున్న ఊళ్లకి ఆ నీళ్లు అందాలి. అంటే అది పుణ్యకార్యమే కదా.

2025 ఫిబ్రవరి 22 ఉదయం ఆ సొరంగం పైకప్పు కూలింది. శివరాత్రికి ఇంకా నాలుగు రోజులే ఉంది, మల్లన్న దర్శనానికి జనం కొండెక్కుతున్న రోజులవి. లోపల పనిచేస్తున్నవాళ్లలో చాలామంది ఎలాగో బయటపడ్డారు. 8 మంది మాత్రం సుమారు 14 కిలోమీటర్ల లోపల చిక్కుకుపోయారు. ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. మార్చిలో ఇద్దరి దేహాలు దొరికాయి. మిగతా ఆరుగురి కోసం వారాల తరబడి వెతికారు.

ఇప్పుడు ఇంకో సొరంగం గుర్తుచేసుకోండి. 2023 నవంబర్ 12, దీపావళి రోజు, ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారాలో 41 మంది చిక్కుకున్నారు. సొరంగం ముఖద్వారం దగ్గర బాబా బౌఖ్‌నాగ్‌కి చిన్న గుడి పెట్టి పూజలు చేశారు. 17 రోజుల తర్వాత అందరూ క్షేమంగా బయటికొచ్చారు. దేశమంతా "దేవుడు కాపాడాడు" అంది. నేనూ అన్నాను.

మరి దోమలపెంటలో ఏమనాలి? అక్కడి తల్లులు మొక్కుకోలేదా?

ఇలాంటి చోట మనవాళ్ల నోటి నుంచి ఠక్కున వచ్చే మాట "వాళ్ల కర్మ". నాకైతే ఈ మాట వినగానే కోపం వస్తుంది. కర్మ సిద్ధాంతం మనల్ని మనం పరీక్షించుకోవడానికి ఉంది. కొడుకు కోసం ఎదురుచూసే తల్లికి తీర్పు చెప్పడానికి కాదు. "భక్తి సరిపోలేదేమో" అనడం ఇంకా ఘోరం. సిల్క్యారాలో 41 మందికీ సరిపోయిన భక్తి ఇక్కడ 8 మందికీ లేకుండా పోయిందా?

మన కథలే చూడండి. ప్రహ్లాదుణ్ణి విష్ణువు కాపాడాడు. గజేంద్రుణ్ణి కాపాడాడు. పిల్లలకి ఈ రెండూ చెప్తాం, చెప్పాలి కూడా. కానీ అభిమన్యుడు? స్వయానా కృష్ణుడి మేనల్లుడు. కృష్ణుడు కురుక్షేత్రంలోనే ఉన్నాడు, అయినా పద్మవ్యూహం నుంచి ఆ పిల్లాడు తిరిగి రాలేదు. అదే అభిమన్యుడి కొడుకు పరీక్షిత్తుని మాత్రం కృష్ణుడే బతికించాడు. ఒకే ఇల్లు, ఒకే దేవుడు, రెండు రకాల ఫలితాలు. వ్యాసుడు ఈ లెక్క సరిచేయడానికి ప్రయత్నించలేదు, రెండూ అలాగే ఉంచాడు. సుభద్ర ఏడుస్తుంటే కృష్ణుడు కొడుకుని తిరిగి తెచ్చివ్వలేదు. చెల్లెలి దగ్గరికి వెళ్లి ఓదార్చాడు.

గుడిలో అభయహస్తం ఎప్పుడైనా గమనించారా? ఆ చెయ్యి "భయపడకు" అంటుంది. "నీకేమీ కాదు" అని మాత్రం అనదు. చిన్న తేడాలా ఉంటుంది గానీ, అమ్మ ఐసీయూలో ఉన్న రాత్రి, ఉద్యోగం పోయిందని మెయిల్ వచ్చిన పొద్దున, ఆ తేడా చాలా పెద్దది. "నాకేమీ కాదు" అనే నమ్మకం ఏదైనా జరిగిన రోజే విరిగిపోతుంది, దాంతోపాటు దేవుడి మీద కోపమూ మొదలవుతుంది.

శరణాగతికి ఆరు అంగాలు చెప్పారు పెద్దలు. రక్షిస్తాడనే విశ్వాసం వాటిలో ఒకటి. దాని పక్కనే అనుకూలమైనది చేయాలన్న సంకల్పం, ప్రతికూలమైనది వదిలేయడం కూడా ఉన్నాయి. మనం మధ్యలోది ఒక్కటే తీసుకుని హెల్మెట్ లేకుండా బైక్ ఎక్కుతాం. కొండ తవ్వే ముందు ఆ కొండని పరీక్షించడం కూడా శరణాగతిలో భాగమే అని నా అభిప్రాయం.

ఈ కథలో నన్ను బాగా కదిలించింది లోపలికి వెళ్లినవాళ్లు. ఒకసారి కూలిన పైకప్పు కిందికి, ఇంకా నీళ్లు ఊరుతున్న చోటికి, సైన్యం వెళ్లింది, ఎన్డీఆర్ఎఫ్ వెళ్లింది, సింగరేణి కార్మికులు వెళ్లారు, సిల్క్యారాలో చేతులతో తవ్విన ర్యాట్ మైనర్లూ వచ్చారు. వాళ్లకి గ్యారంటీ ఎవరిచ్చారు? భయం లేదని కాదు, భయంతోనే వెళ్లారు. సిల్క్యారాలో దేవుడు కాపాడింది ఇలాంటి చేతులతోనే అనుకుంటే, ఇక్కడ కూడా ఆ చేతులు వచ్చాయి. ఫలితం మాత్రం రాలేదు. ఎందుకు అంటే నాకు తెలియదు. ఆ ఇళ్లవాళ్లకి ఈ మాటలు చాలవని మాత్రం తెలుసు.

ఆ ఏడాది శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. శ్రీశైలంలో ఆ రాత్రి పాగాలంకరణ చేస్తారు. గుడిలో దీపాలన్నీ ఆర్పేసి, కటిక చీకట్లో శిఖరం నుంచి నందుల దాకా స్వామికి నేత వస్త్రం చుడతారు. అది అయ్యేదాకా జనం చీకట్లోనే నిలబడి శివనామం చెప్తూ ఉంటారు. ఆ సమయానికి కృష్ణకి ఇవతల, దోమలపెంట సొరంగంలో, వెతకడం ఇంకా ఆగలేదు.