ఎవరికి తీర్చాలి ఈ అప్పు

బాకీ ఎప్పుడు తీరినట్టు? ఇచ్చినవాడికి తిరిగి ఇచ్చేస్తే తీరినట్టే అంటాం. ఇచ్చినవాడెవరో తెలియకపోతే? తెలిసినా, అతనికి మన దగ్గర పుచ్చుకోవలసింది ఏమీ లేకపోతే? విద్యనిచ్చిన ఋషులకు మనం పడ్డ బాకీ అయిన ఋషిఋణం గురించి పెద్దలు చెప్పినప్పుడల్లా నాకు ఈ చిక్కు ఎదురయ్యేది. టెలిఫోన్ శాఖలో లైన్లూ ఎక్స్ఛేంజీలూ చూసుకుంటూ రిటైరయి తెనాలిలో స్థిరపడ్డవాణ్ణి నేను. శాస్త్రం చదివింది తక్కువ, విన్నది ఎక్కువ. ఈ ప్రశ్నకు నాకు కాస్తయినా దారి కనిపించింది టొరెంట్ సాఫ్ట్‌వేర్ సరిచేస్తున్నప్పుడు. పూర్తి గౌరవంతోనే ఈ మాట అంటున్నాను.

మా వీధిలో సంస్కృతం మాస్టారు ఒకరున్నారు. పాత వ్యాకరణాలూ నిఘంటువులూ వ్యాఖ్యానాలూ ఆయనకు ప్రాణం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన వేలాది తెలుగు, సంస్కృత గ్రంథాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అక్కడ చాలా పుస్తకాలకు మామూలు డౌన్‌లోడ్‌తో పాటు టొరెంట్ కూడా ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా పెద్ద ఫైలు మళ్లీ మొదటినుంచి దించుకోవలసి వస్తోందని మాస్టారు బాధపడితే, ఆయన కంప్యూటర్‌లో క్యూబిట్‌టొరెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. బ్రామ్ కోహెన్ 2001లో రాసిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైలు ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కకూ 20 బైట్ల గుర్తు ఒకటి టొరెంట్‌లో ముందే రాసి ఉంటుంది. వచ్చిన ముక్క ఆ గుర్తుకు సరిపోతేనే లోపలికి, లేకపోతే బయటికి. అది పంపినవాడు ఎవడన్నది అవసరం లేదు. దిగిన ముక్కలు దిగినట్టే ఉంటాయి, ఆగినచోటినుంచి మళ్లీ మొదలవుతుంది. ఇంకో విశేషం, ఒక ముక్క పూర్తిగా చేతికందగానే దాన్ని అడిగినవాళ్లకు పంపడం మొదలుపెడుతుంది.

“అంటే శాస్త్రమంతా ముగించి అప్పుడు పాఠం చెప్పడం కాదన్నమాట. వచ్చినంత మేరకు చెప్పుకుంటూ పోవడం,” అన్నారు మాస్టారు. ఆ మాటతో మా ఇద్దరికీ ఈ సాఫ్ట్‌వేర్ చర్చనీయాంశమైంది.

మొదట అందులో ఒక ఇబ్బంది వచ్చింది. కిటికీ అడుగున ఉండే గుర్తు ఆకుపచ్చకు రాలేదు. పుస్తకాలు దిగుతున్నాయి గానీ బయటినుంచి ఎవరూ ఆయన్ని చేరలేకపోతున్నారు. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, బయటికి కాల్ వెళ్తుంది, లోపలికి కాల్ రాదు. అలాంటి ఫోన్లు రెండు ఉంటే అవి ఎప్పటికీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. ముందు కంప్యూటర్ ఫైర్‌వాల్ చూశాను, అనుమతి ఉంది. రౌటర్‌లో దారిని దానంతటదే తెరిచే యూపీఎన్‌పీని ఆన్ చేశాను, ఆ తర్వాత పోర్ట్‌ను చేత్తో మళ్లించాను. అయినా లాభం లేదు. చివరికి రౌటర్‌కు వచ్చిన చిరునామా చూస్తే 100.64 నుంచి 100.127 దాకా ఉండే వరుసలోది. ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లకు పంచేటప్పుడు వాడేందుకని 2012లో కేటాయించిన వరుస అది. అలాంటి చోట మన రౌటర్‌లో ఎన్ని తలుపులు తెరిచినా, వీధి గేటు తాళం మన చేతిలో ఉండదు. ప్రతి యంత్రానికీ సొంత బయటి చిరునామా ఇచ్చే ఐపీవీ6 ఉందేమో చూశాను, ఆ లైన్లో అది ఉంది. దాన్ని ఆన్ చేసి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్‌కు అనుమతి ఇస్తే కొందరైనా లోపలికి రాగలిగారు. ఇవ్వాలన్న కోరికకూ ఇవ్వగలగడానికీ మధ్య ఇంత పని ఉంటుంది.

ఇవ్వకుండా పుచ్చుకునేవాళ్ల సంగతి ఈ రంగంలో పాతదే. 2000లో నూటెల్లా అనే వ్యవస్థను ఆడార్, హ్యూబర్మన్ అనే పరిశోధకులు పరిశీలిస్తే, దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా పంచడం లేదని తేలింది. ఫైళ్లకోసం అడిగితే వచ్చే జవాబుల్లో సగం దాకా పంచేవాళ్లలో పైనున్న 1 శాతం మంది దగ్గరనుంచే వస్తున్నాయి. గీత మూడో అధ్యాయంలో ఇలాంటివాడికి పెట్టిన పేరు మనకు తెలిసిందే: తనకు అందినదాన్ని తిరిగి ఇవ్వకుండా తానే అనుభవించేవాడు దొంగ. కోహెన్ మాత్రం నీతిబోధ చేయలేదు, ఏర్పాటు చేశాడు. ఎవరు మనకు వేగంగా ఇస్తున్నారో వాళ్లకే మనం ఇస్తాం. పది సెకన్లకోసారి లెక్క చూసుకుని, మామూలుగా నలుగురికి దారి తెరుస్తాం, మిగతావాళ్లకు మూస్తాం. ఇచ్చినవాడికే ఇవ్వడం. లోకన్యాయం.

అయితే ఈ న్యాయం ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. కొత్తగా వచ్చినవాడి దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. ఇవ్వడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఇవ్వరు. ఎవరూ ఇవ్వరు కాబట్టి అతని దగ్గర ఎప్పటికీ ఏమీ ఉండదు. పూర్తి న్యాయంగా నడిచే సంతలో కొత్తవాడు గడప కూడా దాటలేడు. అందుకని ఆ నియమానికి పక్కనే ఇంకొకటి పెట్టారు. ముప్పై సెకన్లకోసారి, అతను ఏం ఇచ్చాడన్న లెక్క చూడకుండా, ఒకడికి దారి తెరవాలి. అందులోనూ అప్పుడే వచ్చినవాడికి ఆ అవకాశం మూడు రెట్లు ఎక్కువ దక్కేలా ఏర్పాటుంది. కారణం కూడా చెప్పారు: అతనికి పూర్తి ముక్క ఒకటి దొరికితే, అతను కూడా పంచగలుగుతాడు.

ఇది చెప్పినప్పుడు మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే అందుకున్నారు. ఉపనయనమైన వటువు జోలె పట్టి మొదట వెళ్లేది తల్లి దగ్గరికి. వాడి దగ్గర విద్య లేదు, సంపాదన లేదు, పెట్టినదానికి బదులివ్వగల స్థితి లేదు. అయినా పెడతారు, ఎందుకంటే వాడు రేపు చెప్పేవాడు కావాలి. గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా విడదీశారు. బదులు చేయలేనివాడికి, ఇవ్వాలి గనక ఇచ్చేది సాత్త్వికం. తిరిగి రావాలని ఇచ్చేది రాజసం. పది సెకన్ల నియమం రాజసం, ముప్పై సెకన్ల నియమం సాత్త్వికం అని మాస్టారి తీర్పు. నేను ఒక్క సందేహం చెప్పాను. కోహెన్ ఆ రెండో నియమం పెట్టింది ఇంకా మంచి జోడీ దొరుకుతుందేమోనన్న ఆశతో కూడా. అంటే అందులోనూ స్వార్థం కలిసి ఉంది. “ఉండనీ. నియమం రాసినవాడి మనసు ఏదైనా, వచ్చినవాడికి మొదటి ముద్ద దొరికింది కదా,” అన్నారాయన. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవిస్తాను. అంతా రాజసంగా కట్టుకున్న వ్యవస్థ కూడా కొంచెం సాత్త్వికం కలుపుకోకుండా మొదటి అడుగు వేయలేకపోయింది. ఈ మాటను దానధర్మాల గురించి నేను విన్న ఏ ప్రశంస కన్నా బలమైన సాక్ష్యంగా తీసుకుంటాను, ఎందుకంటే ఇక్కడ దానాన్ని పొగడాలని ఎవరూ కూర్చోలేదు.

ఇక అసలు ప్రశ్న. పుస్తకం నూరు శాతం దిగింది. “ఏమయ్యా, పని అయిపోయింది కదా, ఇంకా ఏదో నడుస్తోందేం?” అని అడిగారు మాస్టారు.

“మీ దగ్గరున్నది ఇంకొకరికి ఇవ్వడానికి సిద్ధంగా ఉందండీ, మాస్టారూ. దీన్ని సీడింగ్ అంటారు.”

“ఎప్పటిదాకా?”

సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఒక లెక్క ఉంది. దించుకున్నంత పంపితే నిష్పత్తి 1.0. అక్కడ ఆగిపొమ్మని సెట్ చేసుకోవచ్చు. పుచ్చుకున్నంత ఇచ్చాం, బాకీ చెల్లు. చాలామంది దీన్నే ధర్మం అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే చెప్పేవాణ్ణి. కానీ కాగితం మీద లెక్క వేసి చూడండి. ఒకరు 1 జీబీ పుస్తకాల కట్ట పెట్టారు, పదిమంది దించుకున్నారు. మొత్తం దిగింది 10 జీబీ. ఒకరు పంపిన ప్రతి బైటూ ఇంకొకరికి దిగిందే. మొదటివాడు తక్కువలో తక్కువ 1 జీబీ పంపకపోతే కట్ట మొత్తం బయటికే రాదు. మిగిలింది 9 జీబీ. పదిమందీ కలిసి అంతకన్నా ఎక్కువ పంపడానికి వీల్లేదు. కాబట్టి అందరూ 1.0 చేరడం అసాధ్యం. అందరిలోకీ చివర వచ్చినవాడు ఎంత సదుద్దేశంతో కూర్చున్నా, పుచ్చుకునేవాడే ఉండడు.

ఈ చిన్న కూడికలోనే నాకు ఋషిఋణం అర్థమైంది. మొదట ఇచ్చినవాడు దేన్నీ తిరిగి అడగలేదు. ఆ మొదటి భాగం గుంపు మొత్తానికి తీరని బాకీగా మిగులుతుంది. దాన్ని వెనక్కి తీర్చే దారి లెక్కలోనే లేదు. ఒక్క దారి ముందుకు, తర్వాత వచ్చేవాడికి. అందుకే మనుస్మృతిలో పంచయజ్ఞాలు చెప్పినచోట అధ్యాపనాన్ని బ్రహ్మయజ్ఞం అన్నారు. ఇది దానం కూడా కాదేమో అనిపిస్తుంది నాకు. దానమంటే నా స్వత్వం పోయి నీ స్వత్వం రావాలి అని ధర్మశాస్త్రం. పుస్తకం పంపితే నా దగ్గరున్నది పోదు. నాకు పోయేది కరెంటు, కొంత వేగం, కంప్యూటర్ ఆన్‌లో ఉంచే శ్రద్ధ. అంత చిన్న ఖర్చును దానం అని గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అప్పు కట్టడం అంటే సరిపోతుంది.

ఆ ఖర్చుకూ హద్దు ఉంది. మాస్టారు ఉత్సాహంతో అప్‌లోడ్ పరిమితి తీసేశారు. మర్నాటికి అమెరికాలోని మనవరాలితో వీడియో కాల్ ఆగిపోయింది, పుస్తకాలు దిగడమూ మందగించింది. అప్‌లోడ్ దారి పూర్తిగా నిండితే, “మీరు పంపింది అందింది” అని అవతలికి చెప్పే చిన్న చిన్న కబుర్లు కూడా వరుసలో ఇరుక్కుపోతాయి. దాంతో పుచ్చుకోవడం కూడా ఆగుతుంది. లైన్ అప్‌లోడ్ శక్తిలో 80 శాతం దగ్గర పరిమితి పెట్టాను, రెండూ సర్దుకున్నాయి. కుటుంబానికి విరోధం రాకుండానే ఇవ్వాలని యాజ్ఞవల్క్యస్మృతి. ఆ సంగతి నాకు గుర్తుచేసింది మాస్టారే.

టొరెంట్లలో తిరిగే సినిమాల సంగతి అడిగేవాళ్లకు నా జవాబు చిన్నది. పరుల సొమ్ము పంచిపెడితే అప్పు తీరదు, కొత్తది పుడుతుంది. మన చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. అది దాటినవీ, హక్కుదారు స్వయంగా పంచుకోమన్నవీ, డెబియన్ లాంటి సాఫ్ట్‌వేర్లూ మాత్రమే నేను ఉంచుతాను.

కొన్నాళ్లకు మాస్టారు నిరుత్సాహపడ్డారు. ఒక నిఘంటువు వారాల తరబడి సీడింగ్‌లో ఉంది, పంపిన మొత్తం సున్నా. ఆర్కైవ్ సర్వర్లే నేరుగా ఇస్తుంటే మన ఇంటి కంప్యూటర్‌తో ఎవరికి పని? నిజమే. కానీ 2024 అక్టోబర్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద దాడి జరిగి, సర్వర్లు కొన్ని రోజులు మూతపడ్డాయి. అలాంటి రోజుల్లో ఎవరింట్లో ప్రతి ఉందో వాళ్లే దిక్కు. ఒక్క ముక్క ఎవరి దగ్గరా లేక, గుంపు మొత్తం 97 శాతం దగ్గర నిలిచిపోయిన టొరెంట్లు నేను చూశాను. అందరి దగ్గరా అవే ముక్కలు, అందరికీ అదే లోటు. ఇలా కాకూడదనే, అందరికన్నా తక్కువమంది దగ్గరున్న ముక్కను ముందు తెచ్చుకునేలా బిట్‌టొరెంట్ నడుస్తుంది. కడపలో సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో లేఖకుల్ని పెట్టుకుని శిథిలమవుతున్న తాళపత్రాలకు ప్రతులు రాయించిన పని కూడా ఇదే క్రమంలోది. ఆ ప్రతుల్ని ఎవరు చదువుతారో ఆయనకు తెలియదు.

ఇంకొకరిని తలుచుకున్నాం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు. వేళగాని వేళ గోదావరి దాటి ఎవరు వచ్చినా అన్నం పెట్టిన తల్లి. ఎవరూ రాని రాత్రి ఆమె వ్రతం ఆగినట్టా? ఆగలేదని మాస్టారి వాదం, సంకల్పం ఉంది కాబట్టి. నా వాదం వేరు. ఆ రాత్రి కూడా బియ్యం ఉన్నాయా, పొయ్యి రాజేయడానికి వీలుందా అని ఆమె చూసుకునే ఉంటుంది. అందుకే ఆగలేదు. సంకల్పం ఒక్కటే చాలదు, ఆ సిద్ధత కూడా కావాలి. మనసులో ఎంత ఉన్నా పోర్ట్ మూసుకుంటే, బయటినుంచి వెతుక్కుంటూ వచ్చేవాడికి మనం లేనట్టే.

ఈ వాదం మా మధ్య ఇంకా తేలలేదు. ఆయన తన మాట మీద, నేను నా మాట మీద ఉన్నాం. రౌటర్ ఆగి మళ్లీ వచ్చినప్పుడల్లా నేను వెళ్లి పోర్ట్ తెరుచుకుందో లేదో చూస్తున్నాను. నిష్పత్తి దగ్గర ఆగే పరిమితి తీసేశాం. జాబితాలో సీడర్ ఒక్కరే ఉన్న పుస్తకాలు పైకి తెచ్చి, వాటి ఫైళ్లను మరోసారి సరిచూసే పని మొదలుపెట్టాం.