కొన్న పెట్టె, విప్పని పెట్టె: తృష్ణ గురించి నాలుగు మాటలు





మన ఇళ్లలో డబ్బు ఎట్టా పోతుందంటే సారా, పేకాట, పెళ్లి ఖర్చులు అని మనం వెంటనే చెప్పేస్తాం. ఈసారి నేను చెప్పబోయేది వాటిలో ఏదీ కాదు. విని నవ్వుకోవద్దు. బొమ్మల సినిమాల డిస్కుల గురించి.

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో మన పల్లె ఒకటుంది. అక్కడ మనవాళ్లు ఇరవై ఇళ్లదాకా దీక్ష తీసుకున్నారు. అందులో ఒక తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. కొడుకు డిగ్రీ చదివి కృష్ణపట్నం వైపు కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. నెలకి 16 వేలు. తాగడు, బీడీ ముట్టడు. పంచశీల తప్పని పిల్లోడని మేమే నలుగురిలో చెప్పుకునేవాళ్లం. ఒకరోజు ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఎవుడో ఫోన్లు చేసి బూతులు తిడతుండాడు. మా అన్నకీ, షెడ్డు మేస్త్రీకీ గూడా చేసినాడంట. నీ కొడుకు అప్పు తీర్చలేదంటాడు. వీడు ఏం కొన్నాడో నాకు తెలీదు. నువ్వొచ్చి అడుగన్నా."

పోయి చూశాను. మంచం కింద రెండు అట్టపెట్టెల్లో జపాను యానిమే కథల డిస్కుల సెట్లు ఉన్నాయి. ఒక్కదానికీ ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. ఫోన్లో తీసుకున్న అప్పు, దాన్ని తీర్చడానికి తీసుకున్న ఇంకో అప్పు, అన్నీ కలిపి 74 వేలు.

"ఫోన్లో చూడొచ్చు గదరా ఇవి?" అన్నాను. "చూశానన్నా. కానీ వాళ్లు ఎప్పుడు తీసేస్తారో తెలీదు. లైసెన్సు అయిపోతే కథ మాయమైపోతుంది. ఇదైతే నాది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఈ వ్యాపారం సంగతి నేనూ కొంచెం తెలుసుకున్నాను. జపానులో అర్ధరాత్రి వేసే యానిమే మీద టీవీ నుంచి తీసినవాళ్లకి పెద్దగా డబ్బు రాదు. వేళ కోసం వాళ్లే టీవీకి కట్టుకుంటారు. ఆ పెట్టుబడిని చాలా ఏళ్లపాటు డిస్కుల మీదే రాబట్టుకున్నారు. ధర తగ్గించి లక్షమందికి అమ్మడం వాళ్ల పద్ధతి కాదు. ధర పెంచి కొద్ది వేలమంది వీరాభిమానులకి అమ్మడమే పద్ధతి. ఒక డిస్కులో రెండు భాగాలే ఉంటాయి, ధర ఆరేడు వేల యెన్లు. పన్నెండు భాగాల కథ పూర్తిగా కొనాలంటే మన డబ్బులో ఇరవై వేల పైమాటే. అమెరికాలోనూ వీడియో క్యాసెట్ల కాలంలో ఇదే తంతు. 'ఇవాంజెలియన్' కథ 26 భాగాలు. దాన్ని 13 క్యాసెట్లుగా అమ్మారు. ఒక్కోటి ముప్పై డాలర్లకు అటూ ఇటూగా వేసుకున్నా నాలుగు వందల డాలర్లకు దగ్గర పడుతుంది. అదే కథ మళ్లీ డీవీడీగా, తర్వాత బ్లూరేగా వచ్చింది. కొన్నవాడే మళ్లీ కొన్నాడు. ఇక నరూటో అయితే మొదటి వరస 220 భాగాలు, రెండో వరస 500. దీనికి దరి ఎక్కడ?

మన పిల్లోడి దాకా వచ్చేసరికి దీనిపైన కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా పడ్డాయి.

బుద్ధ భగవానుడు సిగాలుడనే గృహస్థుకి ధనం పోయే ఆరు దారులు చెప్పాడు. మత్తు, వేళగాని వేళ వీధుల్లో తిరగడం, సంబరాల వెంట పడటం, జూదం, చెడు స్నేహం, సోమరితనం. ఇందులో మూడోదాన్ని మనం పట్టించుకోం. ఆట చూస్తే తప్పేంటి అనుకుంటాం. భగవానుడు అక్కడ చూపించింది మనసు పడే అవస్థని. ఆట ఎక్కడ, పాట ఎక్కడ, కథ చెప్పేది ఎక్కడ, తాళం ఎక్కడ, డప్పు ఎక్కడ అని ఆ మనసు వెతుకుతూనే ఉంటుంది. ఎదురుగా ఉన్నది దానికి కనబడదు. విప్పని పెట్టె పక్కన పెట్టుకుని, తర్వాతి పెట్టె ఎప్పుడొస్తుందా అని ఫోన్ చూసుకునేవాడి స్థితి అదే కదా?

కోలియుడైన దీఘజాణు వచ్చి, మేం ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లం, మాకు తగ్గది చెప్పమంటే త్రాసు పట్టేవాడి పోలిక చెప్పాడు. రాబడి ఎంత, పోబడి ఎంత అని చూసుకోమన్నాడు. రాబడి మించి ఖర్చుపెట్టేవాణ్ణి మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. కొమ్మంతా దులిపి, నాలుగు తిని, తక్కినవి నేలపాలు చేసేవాడన్న మాట. అయితే అదే సూత్రంలో రెండో మాట కూడా ఉంది. ఉండి కూడా తినకుండా కూడబెట్టేవాడు దిక్కులేని చావు చస్తాడన్నాడు. అంటే భగవానుడు మనల్ని దరిద్రంలో ఉండమనలేదు. గృహస్థుకి నాలుగు సుఖాలు లెక్కపెట్టాడు. కలిగి ఉండటం, అనుభవించడం, అప్పు లేకపోవడం, నింద లేకపోవడం. మన పిల్లోడికి మొదటిది ఉన్నట్టు కనబడుతుంది. తక్కిన మూడూ లేవు.

ఇవన్నీ చెప్తుంటే వాడు ఒక ప్రశ్న వేశాడు. "మరి బాబాసాహెబ్ పుస్తకాలు కొనలేదా అన్నా? తిండి మానేసి కొన్నాడని నువ్వే చెప్పావు గదా?"

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. వాడు అన్నది నిజం. న్యూయార్కులో చదివే రోజుల్లో బాబాసాహెబ్ కడుపు కట్టుకుని సుమారు 2 వేల పాత పుస్తకాలు కొన్నారు. 1917లో తిరిగి వచ్చేటప్పుడు ఆయన సామాను వేసిన ఓడని యుద్ధంలో టార్పెడో కొట్టి ముంచేశారు. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నదే పుస్తకాల కోసం. చివరికి తేలిందేమంటే, ఆయన పెట్టెలు విప్పారు. చదివారు, అంచుల్లో రాసుకున్నారు. అందులోంచి మనకి రాజ్యాంగం వచ్చింది, 'బుద్ధుడు - ఆయన ధమ్మం' వచ్చింది. ఎంత కొన్నాడన్నది కాదురా, నువ్వు దాన్ని వాడుతున్నావా, అది నిన్ను వాడుతుందా, అంతే నా జవాబు అన్నాను. వాడు ఒప్పుకున్నాడని చెప్పను. తల వంచుకున్నాడు.

ఇంకో మాట. ఆ తల్లిని తిట్టనివ్వలేదు నేను. మన తాతలకి కాలికి చెప్పు, ఒంటిమీద మంచి బట్ట కూడా 'నాది' అనుకునే హక్కు లేదు. 'నాది' అనే మాట మీద మనకి ఆకలి ఎక్కువ. అంగడివాడికి ఆ ఆకలి తెలుసు, అందుకే పెట్టె మీద 'లిమిటెడ్' అని అచ్చేస్తాడు. పిల్లల్ని ఎగతాళి చేసే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. యానిమే చెడ్డదని కూడా నేననను. ఒసాము తెజుకా అనే ఆయన బుద్ధుడి జీవితాన్నే 1972 నుంచి పదేళ్ల పైన బొమ్మల కథగా గీశాడు. 2011లో అది యానిమే సినిమాగానూ వచ్చింది.

మేం చేసింది ఇదీ. ఫోన్ చేసి తిట్టేవాళ్ల మీద పోలీసులకి కాగితం రాసిచ్చాం. వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చేట్టు లెక్క వేశాం. ఆరు సెట్లు చెన్నైలో కొనేవాళ్లు దొరికితే వాడే అమ్మేశాడు. ఇంకా 11 వేలు మిగిలింది.

ఒక సెట్టు ఉంచుకున్నాడు. పౌర్ణమి నాడు వందన అయ్యాక అంబేద్కర్ భవనంలో పిల్లలకి చూపిద్దామని దాని కాగితం మా ముందే విప్పాడు. మా బ్లూరే ప్లేయరులో పెడితే ఆడలేదు. జపాను, అమెరికా డిస్కులది 'ఏ' ప్రాంతమంట, మన దేశానిది 'సి' అంట. ఇన్నాళ్లూ వాడికే తెలీదు. వాళ్లమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. "అన్ని రూకలు పెట్టిన కత ఏందో నేనూ జూద్దామనుకుంటినే" అంది. వాడూ నవ్వి, ఫోన్ తీసి గోడకి ఆనించి అదే కథ పెట్టాడు. తెలుగులోనే ఉంది. పిల్లలు పన్నెండు మంది చాపమీద కూర్చుని చూశారు.