అడవి యంచున విడిది

వేసవి సెలవులు సమీపించుచుండగా మన బెంగుళూరు తెలుగు కుటుంబములలో ఒక చర్చ ఏటేట తప్పక బయలుదేరును. ఈ యేడు అడవికి పోదమా, పోయినచో ఎచ్చట విడియుదమా అనునదే ఆ చర్చ. మైసూరును, నంజనగూడును దాటి గుండ్లుపేట మీదుగా పోయినచో సుమారు 220 కిలోమీటర్ల దూరమున, నీలగిరులకు ఉత్తరముగా, బందీపూరు అరణ్యము కలదు. అడవి కనబడు గది కావలెనని పిల్లలు పట్టుబట్టుదురు. వేడినీళ్లు దొరకునా యని పెద్దలు విచారింతురు. నడివయస్సువారు ఖర్చు లెక్క చూతురు. ఇన్ని మాటల నడుమ ఒక్క ప్రశ్న మాత్రము ఎవరి నోటను వెలువడదు. మనము విడియుటకు ఎంచుకొను ఆ చోటు అంతకుముందు ఎవరిది? చూపునకు చిన్నదైన ఈ ప్రశ్నలో ఒక ధర్మసందేహము ఇమిడియున్నది. దానిని నా చేతనైనంతమట్టుకు ఇచ్చట విచారింపదలచితిని.

'విడిది' యను మాట మనకు పెండ్లిండ్లవలన సుపరిచితము. మగపెండ్లివారికి ఆడపెండ్లివారు ఏర్పరచు బస విడిది. ఆ రెండు దినములును విడిదివారి దర్జా చెప్పనలవి కాదు. కాఫీ చల్లారినదని ఒకరు అలుగుదురు. పరుపు పలుచనైనదని మరియొకరు ముఖము ముడుచుకొందురు. ఆతిథ్యము తమ హక్కనియు, లోపములెన్నుట తమ వంతనియు వారి నమ్మకము. అడవికి పోవునపుడు మనలో పెక్కుమంది ఈ తీరుననే పోవుచున్నాము. పులి కనబడకున్నచో డబ్బు దండుగయైనదందుము. ఏనుగు దూరముగ నున్నచో జీపును దగ్గరకు పోనిమ్మందుము. అడవి మనకు పిల్లనిచ్చిన వియ్యంకుడా?

పరుల తప్పు చెప్పుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట మేము రెండు కుటుంబములవారము ఒక అడవి యంచున నొక వసతిగృహమున దిగితిమి. వసారాలో కూర్చున్నచో ఎదుటనే నీటిగుంట. రాత్రి తొమ్మిది గంటలకు ఆ గుంట వద్ద ఏవియో నీడలు కదలెను. మనుమనికి చూపవలెనను ఆత్రముతో, పెద్ద దీపము వేయుమని అచ్చటి పనివానిని అడిగినవాడను నేనే. దీపము వెలిగెను. మూడు ఏనుగులు, ఒక గున్న. తల్లి ఆ గున్నను తన కాళ్ల వెనుకకు నెట్టుకొని, వెలుతురువైపు తిరిగి చాలసేపు కదలక నిలిచెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. పెద్దలు ఫొటోలు తీసిరి. కొంతసేపటికి అవి వచ్చిన దారినే అడవిలోనికి మరలిపోయెను.

మరునాటి ఉదయము కాఫీ తెచ్చిన ముసలి వంటవాడు కన్నడమున మెల్లగా ఇట్లనెను: "స్వామీ, ఈ వేసవిలో చుట్టుపక్కల నీళ్లున్న గుంట ఇదొక్కటే. దీపం వేసిన రోజు అవి తాగకుండానే వెళ్లిపోతాయి." అతడు నన్ను నిందింపలేదు. వాన రాకడ గురించి చెప్పినట్లు చెప్పెను. రాత్రి మేము చూచినది ఏనుగుల సౌందర్యమనుకొంటిమి. దాహముతో మరలిపోవు ఒక తల్లిని చూచితిమని ఆ మాటతో తెలిసెను.

నాటినుండి నన్ను వెంటాడు ప్రశ్న ఇది. ప్రేమించిన దానికి ఎంత సమీపమునకు పోవచ్చును? సామీప్యమే ప్రేమకు గుర్తని లోకము తలచును. మన పెద్దలు అట్లు తలచినట్లు తోచదు.

వాల్మీకి రామాయణమున అయోధ్యాకాండమునందు భరతుడు అన్నను వెదకుచు సేనతో బయలుదేరెను. భరద్వాజాశ్రమము క్రోశెడు దూరమున నున్నదనగానే సేననంతయు అచ్చటనే నిలిపెను. ఆయుధములను విడిచి, వసిష్ఠుని ముందిడుకొని, కాలినడకను ఆశ్రమమునకు పోయెను. సైన్యమును అంత దూరమున ఏల నిలిపితివని ముని అడుగగా భరతుడిచ్చిన సమాధానము గమనింపదగినది. గుఱ్ఱములును, మదపుటేనుగులును, మనుష్యులును చాల నేలను ఆక్రమించుకొని వచ్చుచున్నారు. వారివలన ఇచ్చటి చెట్లకును, నీటికిని, నేలకును, పర్ణశాలలకును హాని కలుగరాదని ఒంటిగా వచ్చితిననెను. విడిదికి చోటెంచుకొనుటలో ఇంతకు మించిన పాఠము నాకు కనబడలేదు. చెట్టు, నీరు, నేల, అచ్చట నివసించువారి ఇండ్లు. ఈ నాలుగింటి లెక్క చూచిన పిదపనే అతడు తన వసతి లెక్క చూచెను.

పిమ్మట మునియే సేనను పిలిపించి ఘనమైన ఆతిథ్యమిచ్చెను గదా యని మీరు అడుగవచ్చును. నిజమే. కాని పిలిచిన పిదప పోవుట వేరు, పిలువక మీదబడుట వేరు. ఇంకొక సంగతి. ఇంత జాగ్రత్త గల భరతుని సేనయే చిత్రకూటమున విడిసినపుడు గుఱ్ఱముల, ఏనుగుల పేడచే ఆ నేల పాడయ్యెను. రాముడు చిత్రకూటమును విడిచిపోవుటకు గల కారణములలో అదియు ఒకటియని వాల్మీకి చెప్పుచున్నాడు. మంచి మనస్సుతో పోయినంతమాత్రమున పోయిన చోటు చెడకుండ నుండదన్నమాట.

ఇక మన పొరుగున నున్న అడవి సంగతి. మైసూరు మహారాజావారు 1931లో సుమారు 90 చదరపు కిలోమీటర్ల మేర అడవిని వేణుగోపాల వన్యమృగ వనముగా ఏర్పరచిరి. 1941లో దానిని విస్తరింపజేసిరి. రాజుల వేటయు, అడవి రక్షణయు ఆ కాలమున ఒకే గొడుగు క్రింద నడచినవి. 1973లో భారత ప్రభుత్వము పులుల సంరక్షణ పథకమును ఆరంభించినపుడు మొదట ఎన్నుకొనిన తొమ్మిది అడవులలో బందీపూరు ఒకటి. వేటకాండ్రు పోయిరి, చూడవచ్చువారు పెరిగిరి. తుపాకి స్థానమున కెమెరా వచ్చుట మేలే. అయినను తుపాకివాడు ఏడాదికొకమారు వచ్చెడివాడు. కెమెరావాడు ప్రతి శనివారమును వచ్చుచున్నాడు. అతనికి గది కావలెను, నీరు కావలెను, దీపము కావలెను, రాత్రి చలిమంట కావలెను.

అడవి యంచున వెలసిన వసతిగృహము చేయు చెరుపు వెంటనే కంటికి కనబడదు. చుట్టును వేసిన కంచె ఒక పాత దారిని మూసివేయును. బోరుబావి ఊటనీటిని లాగుకొనును. చలిమంటకు కట్టెలు ఎచ్చటినుండి వచ్చినవని ఎవ్వరును అడుగరు. పారవేసిన అన్నమునకు అడవిపందులును, కోతులును, ఊరకుక్కలును చేరును. ఏనుగులు మన చెవికి అందని మంద్రధ్వనులతో దూరదూరమునుండి పలుకరించుకొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వాటి ముంగిట మన పాటల పెట్టె ఎట్టి గోల చేయునో ఊహింపుడు.

బందీపూరునకు దక్షిణమున, తమిళనాడులో, ముదుమలై అడవి నానుకొని సీగూరు పీఠభూమి కలదు. పడమటి కనుమలకును తూర్పు కనుమలకును నడుమ ఏనుగులు రాకపోకలు సాగించు త్రోవ అది. ఆ త్రోవలో వసతిగృహములు లేచెను. దానిని ఏనుగుల మార్గముగా ప్రకటించిన ప్రభుత్వ నిర్ణయమును 2011లో మద్రాసు హైకోర్టును, 2020 అక్టోబరులో సుప్రీంకోర్టును సమర్థించెను. తీర్పు వచ్చిన మూడు మాసములకే, 2021 జనవరిలో, మసినగుడి వద్ద ఒక బస దరికి వచ్చిన ఏనుగుపై నిప్పు విసరిరి. చెవిని అంటుకొన్న మంటతో అది చీకటిలోనికి పరుగిడుట దేశమంతయు చూచెను. గాయములతో ఆ ఏనుగు మరణించెను. ఆ బసలో గది తీసికొనినవారు నిప్పు విసరలేదు. కాని ఆ చోట ఆ బస యుండుటకు గది తీసికొనువారే కారణము. నాడు దీపము వేయుమన్న నా గొంతును ఆ వార్త చదివిననాడు మరల వింటిని.

ఈ మాటలు చెప్పగా మా బావమరిది ఒప్పుకొనలేదు. "బావా, నువ్వొక్కడివీ దూరంగా ఉంటే అడవి బాగుపడుతుందా? మనం వద్దంటే ఆ గది ఇంకొకరు తీసుకుంటారు" అనెను. ఈ వాదము బలమైనదే. అయినను లంచము పుచ్చుకొనువాడు కూడ ఇదే మాట చెప్పును. ఆ గది ఖాళీగా నుండకపోవచ్చును. దీపము వేయుమనెడి గొంతు నాది కాకుండుట మాత్రము నా చేతిలోని పని. ధర్మము ఫలితమును లెక్కించుటతో ముగియదు. నేను ఎట్టివాడనుగా నుండవలెనను ప్రశ్న కూడ అందు కలదు.

అతని రెండవ వాదము ఇంకను బలమైనది. "ఎవరూ వెళ్లకపోతే అడవిని ఎవరు పట్టించుకుంటారు? బెంగుళూరులో పుట్టిన పిల్లలకు ఏనుగంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?" దీనికి నేను తలయొగ్గితిని. సుప్రీంకోర్టును 2012 జూలైలో పులుల అభయారణ్యముల నడిగడ్డలో పర్యటనలను తాత్కాలికముగా నిలిపి, అక్టోబరులో నియమములతో మరల అనుమతించెను. పోవద్దనుట నా మాట కాదు. పోవుటకును, పోయి పైబడుటకును నడుమ క్రోశెడు దూరము కలదనుటయే నా మాట. 2009 నుండి బందీపూరు గుండా పోవు రహదారులు రాత్రి 9 మొదలు ఉదయము 6 వరకు, అత్యవసర వాహనములును కొద్దిపాటి బస్సులును తప్ప, అందరికిని మూయబడుచున్నవి. చట్టమే పగలు మనకును రాత్రి వాటికిని పంచిపెట్టినది. రోడ్డుపై ఒప్పుకొన్న ఆ పంపకమును బసలో ఒప్పుకొనకుండుట యెట్లు?

ఇచ్చట మూడవవాడు ఒకడు కలడు. అతనిని మరచుట నగరవాసులమైన మనకు సులభము. అడవి యంచున చేను గల రైతు ఏనుగు తొక్కిన పైరునకు ఏడ్చును. మేతకు పోయిన ఆవు తిరిగి రానిచో ఆ నష్టము భరించును. 2025లో మైసూరు ప్రాంతపు అడవి యంచు గ్రామములలో పులుల వాతబడి మనుష్యులు మరణింపగా, నవంబరులో ప్రభుత్వము బందీపూరు, నాగరహోళె అడవులలో సఫారీని నిలిపివేసెను. బసల సందడియు, వాహనముల సందడియు మృగములను ఊళ్ల మీదికి తరుముచున్నవని అచ్చటి రైతులు మొరపెట్టిరి. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చవలసినది నిపుణులు. అయినను మన వినోదపు ఖర్చులో కొంత భాగము మనము చెల్లించుట లేదని ఆ రైతు చెప్పుచున్నాడు. ఆ మాట వినుట మన విధి.

ఈ విచారము మన తెలుగువారికి కొత్తది కారాదు. మనలో కొందరి పూర్వులు తరతరముల క్రిందట ఈ కన్నడ నేలకు వచ్చిరి. కొందరము నిన్నమొన్న ఉద్యోగములకై వచ్చితిమి. వచ్చిన చోట ఒదిగియుండుట ఎట్లో మనము అనుభవమున నేర్చితిమి. ఇంట తెలుగు నిలుపుకొంటిమి, వీధిలో కన్నడము నేర్చితిమి. పొరుగువారి పండుగనాడు గొంతు తగ్గించితిమి, మన పండుగనాడు వారిని పిలిచితిమి. ఇంత మర్యాద తెలిసిన మనము అడవి వాకిట నిలిచినపుడు మాత్రము దానిని బెంగుళూరులో మరచిపోవుట తగునా?

కావున ఇప్పుడు బస ఎంచుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుచున్నాను. కంచె వేయకముందు ఈ నేలమీద ఎవరు నడచెడివారు? చీకటి పడిన పిదప ఇచ్చట ఏమి జరుగును? నేను చెల్లించు డబ్బులో ఈ ఊరివారికి ఎంత చేరును? మూడింటికిని సూటిగా సమాధానము చెప్పు చోట, అది ఎంత సాదాదైనను, దిగుచున్నాను. చెప్పలేనిచోట, కిటికీనుండి ఎంత అడవి కనబడినను, దిగుట లేదు.

2024 ఏప్రిలులో మేము గుండ్లుపేట పట్టణమున ఒక మామూలు లాడ్జిలో దిగితిమి. అడవికి 20 కిలోమీటర్ల దూరము. కిటికీ తెరచినచో బస్సు స్టాండు కనబడును. మధ్యాహ్నము ఒక రైతు ఇంట డబ్బిచ్చి భోజనము చేసితిమి. మన రాగిసంగటినే వారు ముద్దె యనుచు వడ్డించిరి. పులి కనబడలేదు, ఏనుగును కనబడలేదు. జింకల మందయు, ఒక నెమలియు, దూరముగ నొక అడవిదున్నయు కనబడెను. మా బావమరిది నావైపు చూచి ఊరకుండెను.

మరునాడు దారి తెరచిన కొంతసేపటికి కారులో పోవుచుండగా రోడ్డు ప్రక్కను ఏనుగుల లద్దె పడియుండెను. ఇంకను ఆవిరి తగ్గలేదు. మనుమడు అద్దమునకు ముఖమానించి అడిగెను.

"తాతా, రాత్రి ఏనుగులు ఈ రోడ్డు మీదే నడిచాయా?"

"అవునురా."

"అప్పుడు మనం లాడ్జిలో నిద్రపోతున్నాం కదా?"

"అవును."

"గున్న కూడా వచ్చుంటుందా? నీళ్లు తాగుంటుందా?"

తాగియుండునని చెప్పితిని. ఆ మారు అట్లు చెప్పుటకు నాకు నోరు వచ్చెను.