బేరంలో గెలిచిందెవరు?

బేరమాడటం తప్పా? యీ ప్రశ్నలో తత్త్వవిచారానికి తావెక్కడిదని పాఠకులు నవ్వవచ్చు. కూరల బజారులో బేరమాడని గృహస్థు మనలో లేడు. మొరాకో దేశంలోని ఫెజ్ నగరానికి వెళ్ళి వచ్చేదాకా నాకూ అది ప్రశ్నగా తోచలేదు.

ఫెజ్ పాతబస్తీని 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మోటారు బళ్ళు దూరని ఆ సందుల్లో సరుకులు యిప్పటికీ గాడిదలమీద నడుస్తాయి. సెఫ్ఫారీన్ కూడలిలో కంచరుల సుత్తిదెబ్బలు పక్కనున్న ఖరవీన్ గ్రంథాలయం గోడలదాకా వినిపిస్తాయి. ఆ దరిదాపుల్లోనే వొక కొట్లో తోలుసంచీ చూశాను. కొట్టు యజమాని పుదీనా తేనీరు పోయించి 600 దిర్హాములన్నాడు. నేను 200 అన్నాను. అతడు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. నేను గుమ్మం దాటాను. అతడు వెనక్కి పిలిచాడు. 250కి బేరం తెగింది. ఆ రాత్రి తోటి ప్రయాణికులకు ఆ కథ చెప్పి, యేదో విజయం సాధించినవాడిలా నిద్రపోయాను.

మర్నాడు షువారా తోళ్ళ లందలు చూడబోయాను. చుట్టూ వున్న కొట్ల మేడలెక్కి చూడాలి. మెట్ల దగ్గర, ముక్కుకు ఆనించుకోమని పుదీనా రెమ్మ చేతికిచ్చారు. కింద తేనెపట్టు గదుల్లా రాతి తొట్లు. కొన్నింటిలో సున్నపు నీళ్ళు, కొన్నింటిలో పావురాల రెట్ట కలిపిన నీళ్ళు, మిగిలినవాటిలో రంగులు. వాటిలోకి దిగి మనుషులు తోళ్ళు తొక్కుతున్నారు. నా పక్కనున్నవాళ్ళు ఫోటోలు తీస్తూ మురిసిపోయారు. నేనూ తీశాను.

అప్పుడు మా వూరు జ్ఞాపకం వచ్చింది. మా మాదిగవాడలోనూ లంద వుండేది. దాని వాసన మా యింటిదాకా వచ్చేది గాని, నేనెన్నడూ అటు వెళ్ళలేదు. మా పెద్దలు వెళ్ళనివ్వలేదు. అక్కడ కుట్టిన చెప్పులు తొడుక్కున్నాం. అక్కడ కుట్టిన మోటతొండాలతో పొలాలు తడుపుకున్నాం. కుట్టిన చేతుల్ని మాత్రం వూరి అవతల వుంచాం. సొంత వూళ్ళో ముక్కు మూసుకొని తప్పుకున్న దృశ్యాన్ని, సముద్రాలు దాటి వచ్చి సౌందర్యమని చూస్తున్నాను!

ఫెజ్‌లోనే 14వ శతాబ్దంలో సుల్తాను కొలువులో కొంతకాలం పనిచేసిన యిబ్న్ ఖల్దూన్, 1377లో రాసిన 'ముఖద్దిమా'లో, మనిషి ఆర్జనకు మూలం మానవశ్రమేనని వాదించాడు. 1867లో మార్క్స్ 'పెట్టుబడి'లో, సరుకు తన వెనుకనున్న మానవ సంబంధాల్ని యెలా కప్పిపుచ్చుతుందో వివరించాడు. యిద్దరినీ తరగతిలో పాఠంగా చెప్పినవాణ్ణే నేను. అయినా 600 నుంచి 250కి దిగిన అంకెల్లో తొట్టిలో నిలబడ్డ మనిషి నాకు కనిపించలేదు.

"బేరం అక్కడి ఆచారం గదా" అని మిత్రులు సమాధానం చెబుతారు. నిజమే. యిరుగుపొరుగుల మధ్య బేరం వొక పలకరింపు. యిద్దరూ యెప్పుడైనా లేచి వెళ్ళగలిగినప్పుడు అందులో అన్యాయం లేదు. కాని నేను గుమ్మం దాటితే నాకు పోయేది వొక సంచీ. అతడికి పోయేది ఆనాటి రాబడి. అంతేకాదు, అతడు తగ్గించిన ధర అతడి దగ్గరే ఆగదు. కొట్టువాడు దాన్ని కుట్టినవాడి మీదికి, కుట్టినవాడు తోలు పదును చేసినవాడి మీదికి నెడతారు. అందరికంటే కిందనున్నవాడికి నెట్టడానికి యింకెవరూ వుండరు. అదే మనం, అచ్చుగుద్దిన ధరచీటీ వున్న పెద్ద దుకాణంలో నోరెత్తకుండా డబ్బు కడతాం. మన బేరం బలహీనుడి దగ్గరే బలపడుతుంది!

పోనీ, అడిగిన 600 యిచ్చేస్తే? ఆ పై సొమ్ము కొట్టు యజమానికీ, నన్ను తీసుకొచ్చిన దారిచూపరి కమీషనుకూ పోతుంది. లందలో దిగినవాడి కూలి మారదు. అసలు కొనడమే మానేస్తే? అతడికి ఆ కూలి కూడా వుండదు. వ్యక్తి మంచితనం యింతవరకే పోగలదు.

యీ చిక్కు చరిత్ర వేసిన ముడి. 1856లో బ్రిటన్ తో కుదిరిన వొడంబడిక మొరాకో దిగుమతి సుంకాన్ని నూటికి 10కి మించనివ్వలేదు. మాంచెస్టరు బట్ట అక్కడి బజారుల్ని ముంచెత్తింది. ఆ బట్ట మన నేతగాళ్ళకూ పరిచితమే. 1912లో వచ్చిన ఫ్రెంచి పాలకులు తమకు కొత్త నగరాలు కట్టుకొని, పాతబస్తీలను పాతవిగానే వుంచారు. 1919లో తివాచీలకు 'అసలైన మొరాకో సరుకు' అని ప్రభుత్వ ముద్ర వేయడం ప్రారంభించారు. ముద్రవల్ల కొన్ని నమూనాలు బ్రతికాయన్నది వొప్పుకోవలసిందే. కాని యేది సంప్రదాయమో నిర్ణయించే అధికారం నేసే స్త్రీల చేతినుంచి పోయింది. 1956లో స్వాతంత్ర్యం వచ్చింది. అయినా మనబోటి యాత్రికులు నేటికీ ఆ ముద్రనే వెతుకుతున్నాం. పని పాతదిగా వుండాలి, ధర చౌకగా వుండాలి. అంటే, పనివాడి కొడుకు కూడా ఆ తొట్టిలోనే దిగాలని కోరుతున్నామన్నమాట.

కాబట్టి, "యెంత యివ్వాలి?" అన్నది అసలు ప్రశ్న కాదు, "ధర చెప్పే హక్కు యెవరిది?" అన్నదే ప్రశ్న. చేసినవాళ్ళు సహకార సంఘంగా నిలబడి తమ ధర తామే చెప్పగలిగిన చోట కొనడం, అలాంటి సంఘాలకు అండగా వుండటం, అవి లేనిచోట మన బేరాన్ని విజయంగా చెప్పుకోకపోవడం: యింతమాత్రం మనవల్ల అవుతుంది. చేతులు కడుక్కోవడానికి యిది చాలదు. పని మొదలుపెట్టడానికి చాలు.

ఆ సంచీ యిప్పటికీ వాడుతున్నాను. "యెంతకు కొన్నారు మాస్టారూ?" అని విద్యార్థులు అడుగుతారు. మొదట్లో 250 అని గర్వంగా చెప్పేవాణ్ణి. యిప్పుడు ఫెజ్ లందల సంగతి చెబుతాను. ఆ తర్వాత, నేను చూడనైనా చూడని మా వూరి లంద సంగతి కూడా.