వనకర్మము - ఉడుత దారి

నేరేడుచెట్టు క్రింద చేరిన ఆరుగురు బాటసారుల కథ జైన గృహములలో పిల్లలకు సైతము తెలిసినదే. అందరి ఆకలి ఒక్కటే. ఒకడు చెట్టును మొదలంట నరకుదమనెను. రెండవవాడు పెద్దకొమ్మలను, మూడవవాడు చిన్నకొమ్మలను, నాలుగవవాడు గుత్తులను, ఐదవవాడు పండ్లను మాత్రమే కోయుదమనిరి. ఆరవవాడు రాలిన పండ్లే చాలుననెను. కృష్ణలేశ్య మొదలు శుక్లలేశ్య వరకు మనస్సునకు గల ఆరు రంగులు ఇవియే.

ఆ కొమ్మలనే ఇల్లుగా చేసికొన్న జీవిని గూర్చియు శ్రావకుడు తలపవలసియున్నది. సహ్యాద్రి అడవులలో శేకరూ అను పెద్ద ఉడుత గలదు. తోకతో కలిపి సుమారు 3 అడుగుల పొడవుండును. నేలకు దిగుట అరుదు. కొమ్మనుండి కొమ్మకు ఇంచుమించు 20 అడుగులు దుముకగలదు. ఎత్తయిన చెట్లపై ఆకులతో, పుల్లలతో ఒకటికి మించి గూళ్లు కట్టుకొనును. ఇది మహారాష్ట్రమునకు రాష్ట్రజంతువు. 1985లో ఏర్పడిన భీమశంకర అభయారణ్యము దీనికి పేరెన్నికగన్న నెలవు.

నూరు చెట్లలో పది నరికినను తొంబది మిగిలినవని వర్తకుని లెక్క. ఉడుత లెక్క వేరు. ఆ పది చెట్లున్నచోట ఎడమేర్పడిన, దాని దారియే తెగును. నేలకు దిగిన ఉడుత కుక్కల పాలగును. పనికిరానివని తీగలను కోసివేసిన, వంతెనలు పోవును. పలుజాతుల చెట్లను తీసి టేకు ఒక్కటే నాటిన, అడవి పచ్చగానే కనబడును. కాని ఏడాది పొడుగునా తిండి దొరకదు. వేసవిలో ఆకు రాలి గూటికి మరుగుండదు.

శ్రావకుడు విడువదగిన పదునైదు కర్మాదానములలో అంగారకర్మము, వనకర్మము మొదటనే చెప్పబడినవి. బొగ్గు కాల్పించి అమ్ముట ఒకటి, అడవి కొట్టించి అమ్ముట రెండవది. “గొడ్డలి పట్టినవాడు వేరొకడు, నేను సరుకు కొంటినంతే” అను సమాధానము ఇచట చెల్లదు. చేయుట, చేయించుట, మెచ్చుకొనుట మూడును ఒక్క ఖాతాకే చేరును.

అయినను గృహస్థునకు తలుపు కావలెను, మంచము కావలెను. అందుకే అణువ్రతములలో పరిమాణము విధించబడినది. పాత తలుపు పనికివచ్చుచోట కొత్తది కొనకుండుట, కొనక తప్పనిచో అడవి కలపకు బదులు తోట కలప కొనుట, అడవి గుత్తలలో సొమ్ము పెట్టకుండుట శ్రావకునికి సాధ్యమైనవే. గూళ్లున్న ముసలిచెట్లను, తీగలను, కొమ్మకు కొమ్మ తగులు వరుసలను విడిచిపెట్టుట అడవిని పాలించువారి వంతు.

దీపావళినాడు కొత్త ఖాతా తెరచునప్పుడు, వచ్చిన లాభమెంత అను పద్దు ప్రక్కన, అది ఏ రంగు మనస్సుతో వచ్చినదను పద్దు కూడ వ్రాసికొన్న వర్తకుడు ధన్యుడు.