అతిథికి పెట్టిన ముద్ద ఎవరి వాటా?



అక్షయపాత్ర కథ మనందరికీ తెలిసిందే. అరణ్యవాసంలో ధర్మరాజుకు సూర్యభగవానుడు ఇచ్చిన పాత్ర అది. ఎంతమంది వచ్చినా పెడుతూనే ఉంటుంది, ద్రౌపది తినేంతవరకే. ఆమె తిన్నాక ఆ రోజుకు ఇంకేమీ రాదు. అంటే ఆ తల్లి రోజూ అందరి తర్వాతే తినాలి!

ఇది తలుచుకుంటే సత్యవేడులో మా అమ్మ గుర్తొస్తుంది. చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే సంగటి ముద్దలు చిన్నవయ్యేవి, పులుసులో నీళ్లు పెరిగేవి. వచ్చినవాళ్లెవరూ ఆకలితో పోలేదు. అమ్మ మాత్రం "నాకు ఆకలి లేదు నాయనా" అనేది. నేను నమ్మేవాణ్ణి. చెంబెడు నీళ్లు తాగి ఎందుకు పడుకునేదో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

అతిథిని దేవుడిగా చూడమంది తైత్తిరీయోపనిషత్తు. సరే, పేరు ఇంటికి వచ్చి, పస్తు ఒక్కరికే మిగిలితే ఆ పుణ్యం ఎవరిది? అమ్మ ఇష్టంగానే చేసింది కదా అంటారు. ఆమెను ఎవరైనా అడిగారా?

కోనసీమలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ చూడకుండా అన్నం పెట్టారు. భర్త జోగన్న గారు తోడు నిలిచారు. దానం ఇంటిల్లిపాదిదీ కావాలి.

అందుకే మా ఇంట్లో బియ్యం కడిగేటప్పుడు ఒక గుప్పెడు ఎక్కువ వేస్తాం. అదీ చాలకపోతే, లోటును అందరం పంచుకుంటాం. వండినవాళ్లు కూడా మాతోనే కూర్చుంటారు. ఎవరూ రాకపోతే పొద్దున చద్దన్నం ఉండనే ఉంది.

ఓం నమో వేంకటేశాయ.