సన్నాకు, నడిమాకు, వెడల్పాకు

ఆస్ట్రేలియాలో ఒక గోధుమ చేను. అందులో ముగ్గురు అక్కచెల్లెళ్లు: సన్నాకు, నడిమాకు, వెడల్పాకు. మధ్యధరా సీమ నుంచి వలస వచ్చిన కలుపు. వేసవిలో తీగల్లాంటి ఉత్త కాడలే మిగిలాక ఎవరు ఎవరో రైతు పోల్చుకోలేకపోయేవాడు. కాడ తుంచితే పాలు కారేవి. కోత యంత్రానికి చుట్టుకుంటే పని ఆగేది. దున్నితే వేరు ముక్కలై, ప్రతి ముక్కా మళ్లీ మొలిచేది.

"చేనంతా నాదే" అనేది సన్నాకు. నిజమే, దాని సంతానమే ఎక్కువ. పుప్పొడితో పని లేకుండా విత్తు కడుతుంది కాబట్టి ప్రతి బిడ్డా అచ్చు తల్లే.

ఒకనాడు రైతు చిటికెడు పొడి తెచ్చి దాని మీద దులిపాడు.

"తుప్పు తెగులా! గోధుమకు అంటితే ఎలా నాన్నా?" అదిరిపడింది రైతు కూతురు.

"అంటదమ్మా. ఇది ఆ కలుపు పుట్టినింటి తెగులు. ఎన్నో మొక్కల మీద పరీక్షించాకే ఇచ్చారు."

కొన్నాళ్లకు ఆకుల మీద చిన్న బొబ్బలు లేచి పగిలాయి. వేలితో తాకితే దాల్చినచెక్క రంగు పొడి అంటేది. గాలి దాన్ని చేలు దాటించింది. బిడ్డలంతా ఒకే పోత కావడంతో తెగులుకు ఎక్కడా ఎదురు లేకపోయింది. సన్నాకు వంశం చిక్కి శల్యమైంది. రైతు నిశ్చింతగా నిద్రపోయాడు.

పొడి చెల్లెళ్ల మీదా రాలింది, పట్టలేదు. అక్క ఖాళీ చేసిన జాగాలోకి ఇద్దరూ నెమ్మదిగా జరిగారు.

కొన్నేళ్లకు కంకుల మధ్య మళ్లీ అవే తీగలు. "తెగులు చచ్చిందా?" అన్నాడు రైతు. కూతురు వంగి, నేలను అంటుకున్న ఆకు తుంచి అతని అరచేతిలో పెట్టింది. "ఇది ఆ మొక్కే కాదు నాన్నా. ఆకు చూడు, ఎంత వెడల్పో."

నీతి: గోధుమను కాపాడిన గుణమే చెల్లెళ్లనూ కాపాడింది. తన మొక్కను తప్ప మరి దేన్నీ ముట్టని తెగులును నమ్ముకున్నవాడు, అది ముట్టనివాటిని తానే కనిపెట్టుకుని ఉండాలి.

కథలో మాటలే నా కల్పన. ఆ కలుపు స్కెలిటన్ వీడ్. ఇటలీలోని వియెస్టే నుంచి తెచ్చిన పక్సీనియా కాండ్రిల్లినా అనే తుప్పు శిలీంధ్రాన్ని 1971లో ఆస్ట్రేలియాలో వదిలారు. పరాయి దేశపు శిలీంధ్రాన్ని కావాలని తెచ్చి కలుపు మీదికి వదిలిన తొలి ప్రయోగాల్లో అదొకటి. సన్నాకు రకం అణిగింది, మిగతా రెండూ విస్తరించాయి. శాస్త్రవేత్తలు మళ్లీ టర్కీ దాకా వెళ్లారు, ఈసారి చెల్లెళ్లకు పట్టే తుప్పును వెతుక్కుంటూ.